హెచ్చరికను కప్పిపెడితే మరమ్మతు అయిపోతుందా?

ఎప్పటి మాదిరే ఈ పోస్టు కూడా పొడుగైనదే. కాఫీ పక్కన పెట్టుకొని నిదానంగా చదవండి. చదివినాక కోపం వస్తే కింద రాయండి, జవాబు చెబుతాము. చదవకుండా బొటనవేలు గుర్తు మాత్రం పెట్టవద్దు.

వచ్చే ఆదివారం కార్యవర్గ సమావేశం అజెండాలో నాలుగో అంశం "కార్యాలయ కంప్యూటరు సమస్య" అని ఉంది. దాని కింద మూడు ప్రతిపాదనలు. ఒకటి: కంప్యూటరు ఆన్ చేసేటప్పుడు వచ్చే ఆ ఇంగ్లీషు వరసలు కనబడకుండా చేసేయాల. రెండు: ఇకమీదట కెర్నల్ అప్‌డేట్లు నిలిపేయాల. మూడు: ఈ లినక్స్ మనకు వద్దు, అంగడికి తీసుకుపోయి ఫార్మాట్ చేయించి విండోస్ వేయించాల.

మూడింటినీ మేము వ్యతిరేకిస్తున్నాము. మూడూ వేరు వేరు మాటల మాదిరి కనబడతాయి కానీ మూడింటి వెనక నమ్మకం ఒక్కటే: చెప్పే నోరు మూస్తే చెప్పిన కష్టం కూడా పోతుందని. పిల్లి కళ్లు మూసుకొని పాలు తాగేది ఇట్లాంటి నమ్మకంతోనే.

జరిగింది ఏమంటే, పోయిన నెల కార్యాలయ కంప్యూటరులో కెర్నల్ అప్‌డేట్ వచ్చింది. మనది ఉబుంటు 22.04. అప్‌డేట్ అయినాక రెండు రోజులకు ఆన్ చేస్తే తెర రావడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఇదివరకు ఒక నిమిషం కూడా పట్టేది కాదు. కంప్యూటరు చూసుకునే మన కుర్రవాడు కారణం వెతకడానికి, మామూలుగా వచ్చే రంగుల బొమ్మను ఆ ఒక్కసారికి తీసేసి, లోపల జరిగేదంతా తెర మీద కనబడేటట్లు చేసినాడు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వరసగా వచ్చినాయి. అప్పుడే లోపలికి వచ్చిన ఒక పెద్దాయన దాన్ని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టినారు. "అప్‌డేట్ చేసి కంప్యూటరు పాడు చేసినారు, అంతా ఎర్రర్లే" అని కింద ఒక వాక్యం. గంటలో నలభై జవాబులు. ఆ నలభైలో ఫోటోలో ఏమి రాసి ఉందో చదివినవాళ్లు ఒక్కరూ లేరు.

ఆ కంప్యూటరులో ఏమి ఉందో కొత్త సభ్యులకు తెలియకపోవచ్చు. సభ్యత్వ పట్టీ, చందా లెక్కలు ఉన్నాయి. విద్యా సహాయానికి పిల్లలు పెట్టుకున్న అర్జీలు, వాటితోపాటు ఆధార్ నకళ్లు, బ్యాంకు ఖాతా నంబర్లు ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యంగా మన పాత తీర్మాన పుస్తకాల స్కాన్లు ఉన్నాయి. 2015 డిసెంబరు వానల్లో చెన్నైలో నీళ్లు ఎట్లా వచ్చినాయో ఎవరికీ చెప్పనక్కర లేదు. మన బీరువా కింది రెండు అరలు తడిసిపోయినాయి. ఆ పుస్తకాలను ఆరబెట్టి, విడిపోయిన పేజీలను ఒక్కొక్కటిగా స్కాన్ చేసినాము. అసలు పుస్తకాల్లో సగం ఇప్పుడు ముట్టుకుంటే పొడి అయిపోతాయి. తెలుగు సెక్షన్ కావాలని మన పెద్దలు బడి ముందు నిలబడి రాసిన అర్జీల నకళ్లు, ఎవరు ఎంత చందా ఇచ్చినారో ఆ లెక్కలు, ఇప్పుడు ఆ స్కాన్లలోనే ఉన్నాయి. అందుకే కంప్యూటరు సంగతి అయినా ఇంత పొడుగు రాస్తున్నాము.

ఇప్పుడు ఫోటోలో ఉన్నది చదువుదాము. దానికి ముందు రెండు మాటలు.

కెర్నల్ అంటే కంప్యూటరులో అన్నిటికన్నా అడుగున ఉండే కార్యక్రమం. డిస్కు, కీబోర్డు, తెర, నెట్‌వర్క్ కార్డు, అన్నిటితో అదే మాట్లాడుతుంది. మనం వాడే మిగతా కార్యక్రమాలు దాన్ని అడిగే పని చేయించుకుంటాయి. 1991లో లినస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ విద్యార్థి మొదలుపెట్టిన కెర్నల్ ఇది. ఆన్ చేయగానే ఇది ఒక్కొక్క భాగాన్నీ పలకరిస్తుంది. ఉన్నావా, బాగున్నావా, నీ నంబరు ఏమి అని అడుగుతుంది. వచ్చిన ప్రతి జవాబునూ రాసి పెడుతుంది. ఎడమ పక్క చదరపు బ్రాకెట్లలో ఉండే అంకె గడియారం. కెర్నల్ మొదలై ఎన్ని సెకండ్లు అయిందో చెబుతుంది.

ప్రతి మాటకూ ఒక మెట్టు ఉంది. 0 నుంచి 7 వరకు ఎనిమిది మెట్లు. 0 అంటే అంతా కూలిపోయింది. 3 అంటే ఎర్రర్. 4 అంటే వార్నింగ్. 6 అంటే ఊరికే సమాచారం. 7 అంటే రిపేరు చేసేవాళ్లకు మాత్రం పనికివచ్చే మాట. అంకె తగ్గేకొద్దీ గండం జాస్తి.

రైల్వేలో ఉన్నవాళ్లకు ఇది చెప్పనక్కర లేదు. డ్రైవరుకు కాషన్ ఆర్డర్ ఇస్తారు, టీ/409 ఫారం. ఫలానా కిలోమీటరు నుంచి ఫలానా కిలోమీటరు దాకా ఫలానా వేగం మించకూడదు, కారణం ఇది అని అందులో ఉంటుంది. డ్రైవరు చదివి సంతకం చేస్తాడు. ఆ కాగితం చూసి "అయ్యో, రైలు పాడైపోయింది" అని ఎవరైనా అరుస్తారా? లేక ఆ కాగితం ఇచ్చిన స్టేషన్ మాస్టరును తిడతారా? జాగ్రత్త చెప్పేది ఏమీ లేకపోయినా "నిల్" అని రాసిన కాగితం ఇచ్చే పద్ధతి కూడా ఉంది. ఎందుకంటే ఏమీ చెప్పకపోవడం వేరు, చెప్పేది ఏమీ లేదని చెప్పడం వేరు. ఈ తేడా తెలియనివాళ్లే కంప్యూటరును మాట్లాడనీయవద్దు అంటున్నారు.

సరే, ఫోటోలోని వరసలు.

మొదటిది ఏసీపీఐ బయాస్ ఎర్రర్. ఏదో ఒక పేరు దొరకలేదు అని ఉంది. మదర్‌బోర్డు చేసినవాళ్లు దానిలో ఒక పట్టిక రాసి పెడతారు. కరెంటు ఎట్లా వాడాల, ఫ్యాను ఎప్పుడు తిరగాల అని. ఆ పట్టికలో ఒక తావున లేని వస్తువు పేరు రాసినారు. కెర్నల్ వెతికింది, దొరకలేదు, దొరకలేదని చెప్పింది. తప్పు పట్టిక రాసినవాళ్లది. మన కంప్యూటరులో దీని వల్ల ఏ పనీ ఆగలేదు. శానా పాత కంప్యూటర్లలో ఇది ఉంటుంది.

రెండోది యూఎస్‌బీ వరస. డివైస్ డిస్క్రిప్టర్ రీడ్, ఎర్రర్ మైనస్ 71. ఏదో ఒక యూఎస్‌బీ వస్తువు తన పేరు సరిగా చెప్పలేకపోయింది అని అర్థం. ఎక్కువ సార్లు కారణం వైరు వదులు, లేదా పోర్టు పాతబడింది. ముందు పక్క పోర్టులో గుచ్చి ఉన్న ప్రింటరు వైరును వెనక పోర్టుకు మార్చినాము. ఆ వరస పోయింది. ఖర్చు సున్న.

మూడోది ఎండీఎస్ సీపీయూ బగ్, డేటా లీక్ పాసిబుల్ అని ఉన్న వరస. గ్రూపులో అందరినీ భయపెట్టింది ఇదే. "మన డేటా లీక్ అయిపోయింది" అని ఒకరు రాసినారు. కాలేదు. ఇది 2019 మే నెలలో లోకానికి తెలిసిన ఇంటెల్ ప్రాసెసర్ల లోపం. ప్రాసెసరు పుట్టినప్పటినుంచీ ఉన్న లోపం. ఒక కార్యక్రమం వాడే రహస్యాన్ని అదే ప్రాసెసరులో నడిచే మరొక కార్యక్రమం పసిగట్టే అవకాశం ఉంది అని. కెర్నల్ తను చేయగలిగిన కాపు చేసి, పూర్తిగా కావాలంటే ప్రాసెసరులో ఒక వసతి ఆపుకోండి, వేగం తగ్గుతుంది, మీ ఇష్టం అని చెబుతోంది. ఊరూపేరూ తెలియని కార్యక్రమాలు నడపని మన కార్యాలయానికి ఇది పెద్ద గండం కాదు. కానీ ఒక మాట గుర్తుపెట్టుకోండి. ఆ కాపు మనకు వచ్చిందే కెర్నల్ అప్‌డేట్ ద్వారా.

నాలుగోది మాడ్యూల్ వెరిఫికేషన్ ఫెయిల్డ్, టెయింటింగ్ కెర్నల్ అని ఉన్నది. టెయింట్ అంటే మైల. వైఫైకి మనం బయటినుంచి తెచ్చి వేసుకున్న డ్రైవరు ఒకటి ఉంది. దానికి కెర్నల్‌వాళ్ల ముద్ర లేదు. అందుకని "ముద్ర లేని సరుకు లోపలికి వచ్చింది, రేపు ఏదైనా అయితే దీన్ని కూడా అనుమానించండి" అని రాసి పెట్టుకుంది. వైఫై బాగానే పని చేస్తోంది.

అయిదోది ఈఎక్స్‌టీ4, రికవరీ కంప్లీట్. ఇది మంచి వార్త. ఎవరో కంప్యూటరును షట్ డౌన్ చేయకుండా గోడ స్విచ్చు ఆపేసినారు. రాస్తా రాస్తా మధ్యలో ఆగిపోయిన లెక్కను కెర్నల్ సరి చేసుకొని, సరి అయింది అని చెప్పింది. గోడ స్విచ్చు ఎవరు ఆపినారో మేము అడగము. ఇకమీదట ఆపవద్దు.

ఇప్పుడు ఆరోది. ఫోటోలో కింద, కొంచెం మసకగా ఉన్న వరసలు. ఏటీఏ1, ఫెయిల్డ్ కమాండ్, రీడ్. దాని కింద ఐఓ ఎర్రర్, డెవ్ ఎస్‌డీఏ, సెక్టర్, ఒక పెద్ద అంకె. మళ్లీ అదే. మళ్లీ అదే. ఎడమ పక్క గడియారం చూడండి. మిగతా వరసలన్నీ పదిహేను సెకండ్లలోపే వచ్చేసినాయి. ఈ వరసల మధ్యన మాత్రం అర నిమిషం, అర నిమిషం గడిచింది. నాలుగు నిమిషాలు ఎక్కడికి పోయినాయో ఇదే జవాబు.

ఎస్‌డీఏ అంటే మన హార్డ్ డిస్కు. దాని మీద ఒక తావును కెర్నల్ చదవబోయింది, రాలేదు. ఎదురుచూసింది, మళ్లీ అడిగింది, రాలేదు. మన హార్డ్ డిస్కు చనిపోతోంది, సభ్యులారా. తీర్మాన పుస్తకాలు ఉన్న డిస్కు.

ఏసీపీఐ వరస మెట్టు 3. ఈ డిస్కు వరస మెట్టు కూడా 3. ఒకటి ఏ పనినీ ఆపని మాట. ఇంకొకటి యాభై ఏళ్ల రికార్డు పోయేముందు వచ్చే చివరి కేక. అంకె ఒక్కటే చూస్తే రెండూ సమానమే. అందుకే "అంతా ఎర్రర్లే" అనేవాళ్లకూ, "ఇట్లాంటివి ఎప్పుడూ వస్తాయి, వదిలేయండి" అనేవాళ్లకూ తేడా లేదు అంటున్నాము. ఇద్దరూ చదవలేదు. ప్రతి వరసనూ నాలుగు ప్రశ్నలు అడగాల. ఏ భాగం మాట్లాడుతోంది? ఎప్పటినుంచి చెబుతోంది? ఒక్కసారి చెప్పిందా, మళ్లీ మళ్లీ చెబుతోందా? దీని వల్ల ఏ పని ఆగింది? ఈ నాలుగు అడిగితే మొదటి అయిదు వరసలు పక్కకు పోతాయి, ఆరోది ఒక్కటే నిలబడుతుంది.

అయినా అప్‌డేట్ చేసినాకనే కదా వచ్చింది అంటున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి ఊహతో జవాబు చెప్పనక్కర లేదు, పరీక్ష ఉంది. ఉబుంటు కొత్త కెర్నల్ వేసినప్పుడు పాతదాన్ని వెంటనే పారేయదు, ఒకటి నిలబెట్టుకుంటుంది. ఆన్ చేసేటప్పుడు గ్రబ్ అనే పట్టీలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ అని ఉంటుంది. అందులోకి పోయి పాత కెర్నల్‌తో తెరవవచ్చు. కుర్రవాడు తెరిచి చూపించినాడు. పాత కెర్నల్‌తో కూడా అదే ఆలస్యం, అదే సెక్టరు, అదే ఎర్రర్. కొత్త కెర్నల్ తప్పు అయితే పాతదానిలో ఎందుకు వస్తుంది?

అంతకన్నా గట్టి సాక్ష్యం ఉంది. ఈ మాటలన్నీ తెర మీద కనబడినా కనబడకపోయినా డిస్కులో చిట్టా రాసి ఉంటుంది. జర్నల్‌సీటీఎల్ అనే ఆజ్ఞతో ఈసారి తెరిచినప్పటి చిట్టానే కాక, పోయినసారిది, అంతకు ముందుది కూడా చదవవచ్చు. వెనక్కి పోయి చదివితే అప్‌డేట్‌కు మూడు వారాల ముందే ఒకసారి ఆ డిస్కు ఎర్రర్ వచ్చి ఉంది. తరువాత వారం రెండుసార్లు. అప్‌డేట్ చేసిన తప్పు కాదు ఇది. అప్‌డేట్‌కు ముందునుంచే ఉన్న జబ్బు. మూడు వారాలు మనకు ఎందుకు తెలియలేదు? పైన ఆ రంగుల బొమ్మ ఉంది కాబట్టి. అంటే మొదటి ప్రతిపాదన ఏ పద్ధతిని శాశ్వతం చేయమంటోందో, ఆ పద్ధతే మన మూడు వారాలను మింగింది.

డిస్కు లోపల కూడా స్మార్ట్ అనే ఒక సొంత చిట్టా ఉంటుంది. అందులో చదవలేక పక్కన పెట్టిన సెక్టర్ల లెక్క మొదటి రోజు 8, మరునాడు 16. వైరు వదులు అయితే పెరిగే లెక్క వేరే ఉంది, అది సున్నలోనే ఉంది. కాబట్టి వైరు మారిస్తే పోయేది కాదు. డిస్కు మార్చాల.

ఆ రాత్రే బయటి డిస్కుకు నకలు తీసినాడు ఆ కుర్రవాడు. గ్రూపులో అతన్ని తిడతా ఉన్న అదే రాత్రి. దాదాపు అంతా వచ్చింది. ఒక పాత తీర్మాన పుస్తకంలో రెండు పేజీలు రాలేదు. మూడు వారాల ముందు ఆ వరస ఎవరి కంటనైనా పడి ఉంటే, బహుశా ఆ రెండు పేజీలు కూడా వచ్చి ఉండేవి.

ఇప్పుడు ప్రతిపాదనలకు వస్తాము.

మొదటిది, వరసలు కనబడకుండా చేయడం. అది చేయడం శానా సులభం. గ్రబ్ అమరికల ఫైలులో క్వయట్, స్ప్లాష్ అనే రెండు మాటలు ఉంటాయి. క్వయట్ అంటే ఊరుకో. స్ప్లాష్ అంటే బొమ్మ వెయ్యి. ఇవి మామూలుగా ఉండేవే, ఉండటంలో తప్పు లేదు, చిట్టాను ఎవరో ఒకరు చదువుతా ఉంటే. చదివే మనిషి లేకుండా నోరు మాత్రం మూయించడానికి తీర్మానం చేయడమే తప్పు. దీపావళి మరునాడు బాణసంచా కాగితాలను చాప కింద తోసి ఇల్లు ఊడ్చినాము అంటే ఎవరు ఒప్పుకుంటారు?

రెండోది, అప్‌డేట్లు నిలపడం. కొన్ని సంగతులు చెబుతాము. 2016 అక్టోబరులో డర్టీ కౌ అనే లోపం బయటపడింది. 2007 నుంచి కెర్నల్‌లో ఉండింది. మామూలు వాడుకదారుగా లోపలికి వచ్చినవాడు కంప్యూటరుకు యజమాని అయిపోవచ్చు. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్. 2022 మార్చిలో డర్టీ పైప్, మళ్లీ అదే మాదిరి. ప్రతిసారీ మందు వచ్చింది కెర్నల్ అప్‌డేట్ రూపంలోనే. అప్‌డేట్ నిలిపినవాళ్ల తలుపు తెరిచే ఉండింది. పిల్లల ఆధార్ నకళ్లు మన దగ్గర నమ్మి ఇచ్చినారు. ఆ బీరువాకు తాళం మార్చవద్దు అని తీర్మానం చేసే హక్కు మనకు ఎవరిచ్చినారు?

అప్‌డేట్ ఎప్పుడూ తప్పు చేయదు అని మేము అనడం లేదు. చేస్తుంది. బయటినుంచి తెచ్చిన డ్రైవరు కొత్త కెర్నల్‌కు మళ్లీ తయారు కాకపోతే వైఫై ఆగిపోతుంది. పాత కెర్నళ్లు పేరుకొని బూట్ విభాగం నిండిపోతే అప్‌డేట్ సగంలో ఆగుతుంది, తరువాత తెరుచుకోకుండా కూడా పోతుంది. అప్‌డేట్ చేసేటప్పుడే ఫర్మ్‌వేర్ దొరకలేదు అనే వార్నింగులు పది వస్తాయి. వాటిలో ఎక్కువ మన దగ్గర లేని తెర కార్డుల గురించి, ఒకటి మాత్రం మన కార్డు గురించి అయి ఉండవచ్చు. అందుకే అప్‌డేట్‌కు ముందు నకలు తీయాల, బూట్ విభాగంలో తావు ఉందా అని చూడాల, చేసినాక చిట్టా చదవాల, పాత కెర్నల్ ఒకటి నిలబెట్టుకోవాల. జాగ్రత్తగా చేయడానికి ఇన్ని దారులు ఉంటే, చేయకుండా ఉండటం ఒక్కటే దారి అనేది సోమరితనం.

మూడోది, అంగడికి తీసుకుపోవడం. ఈ ప్రతిపాదన చదివినప్పుడు మాకు ఒళ్లు జలదరించింది. ఫార్మాట్ అంటే డిస్కు మీద ఉన్నదంతా తుడిచేయడం. చనిపోతున్న డిస్కును తుడిచి, అదే డిస్కు మీద కొత్తది వేయిస్తారా? ఇంటి దూలానికి చెద పట్టిందని గోడకు రంగు కొట్టిస్తారా? పోనీ, ఏ విండోస్ వేయిస్తారు? విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0, కొత్త తరం ప్రాసెసరు మన పాత పెట్టెలో లేవు. మిగిలేది కొన్ని వందల రూపాయలకు వేసి ఇచ్చే దొంగ నకలు. దాన్ని తెరవడానికి వాడే దొంగ తాళంచెవిలో ఏమి దాక్కొని ఉంటుందో వేసేవాడికే తెలియదు. రిజిస్టరు అయిన సంఘం అట్లాంటి పని చేయవచ్చా? ధర్మంగా డబ్బు కట్టి, తగిన యంత్రం కొని, విండోస్ వాడదాము అంటే అది వేరే చర్చ, దానికి మేము అడ్డం రాము. కానీ దాని డిస్కు కూడా ఒకరోజు చనిపోతుంది. అప్పుడూ ఎవరో ఒకరు చదవాల్సిందే.

లినక్స్ మనకు పరాయిది అనేవాళ్లకు ఒక మాట. మన చెన్నైలోనే సీడాక్‌వాళ్లు బాస్ అనే పేరుతో భారతీయ భాషలకు లినక్స్ తయారు చేసినారు. తెలుగు అక్షరాలు టైపు చేయడానికి కీబోర్డు, పోతన, వేమన లాంటి అక్షర రూపాలు, మనకు పైసా ఖర్చు లేకుండా వచ్చినాయి. మన పిల్లల తెలుగు తరగతి ప్రశ్నపత్రాలు అచ్చవుతున్నది వాటితోనే.

"ఆ వరసలు ఇంగ్లీషులో ఉంటాయి, వయసైనవాళ్లం, మనకు ఏమి అర్థమవుతాయి" అని ఒక అన్న రాసినారు. ఆ మాటకు నొచ్చుకున్నాము. మనలో ఎంతమందిమి తమిళ బడిలో చదివినాము? తెలుగు ఇంట్లో నోటితో మాట్లాడినాము, అక్షరం తెలియదు. ఉద్యోగంలో చేరినాక, పెళ్లిళ్లు అయినాక, పెద్దబాలశిక్ష ముందు పెట్టుకొని ఒత్తులు దిద్దుకున్నాము. రాని లిపిని ముప్పై ఏళ్ల వయసులో నేర్చుకున్నవాళ్లము, నాలుగు ఇంగ్లీషు మాటలు చూసి చేతులు ఎత్తేస్తామా? డిస్కు, ఎర్రర్, ఫెయిల్డ్ అనే మాటలు రైల్వే ఆఫీసుల్లో, బ్యాంకుల్లో, మిల్లుల్లో పని చేసినవాళ్లకు కొత్తవి కావు.

ఇంకొక మాట చెప్పకుండా ఉండలేము. 2006లో తమిళం తప్పనిసరి చేసే చట్టం వచ్చింది. తమిళం నేర్వడం మీద మాకు ఏ కోపమూ లేదు, మా చదువే తమిళంలో. ఆ చట్టం ఒక్కసారిగా పది తరగతుల మీద పడలేదు. ఆ సంవత్సరం ఒకటో తరగతి, మరుసటి సంవత్సరం రెండు, అట్లా ఏడాదికి ఒక మెట్టు ఎక్కుతా వచ్చింది. పదో తరగతి పరీక్షకు చేరినప్పటికి 2016. అంటే పదేళ్లు ఏటా జూన్‌లో మనకు ఒక హెచ్చరిక వచ్చింది. మైనారిటీ భాషల పిల్లలు వాళ్ల భాషలో పరీక్ష ఎట్లా రాస్తారు అని అడగడానికి పదేళ్లు వ్యవధి ఉండింది. మనలో శానామంది పదో ఏట లేచి కోర్టు మెట్లు వెతికినారు. అంతవరకు "ఇప్పుడేమీ ఆగలేదు కదా" అన్నారు. ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వడం మనకు అలవాటు అయిపోయింది. కంప్యూటరు విషయంలో కూడా అదే అలవాటును తీర్మానం చేసి రాసుకుందామా?

చివరికి ఆ కుర్రవాడి సంగతి. జీతం లేదు. ఆఫీసు పని ముగించుకొని రాత్రి వచ్చి చూస్తాడు. కారణం వెతకడానికి ముసుగు తీసినవాడు అతడు ఒక్కడే. ముసుగు తీసినందుకే తిట్లు తిన్నాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, డిస్కు మీద రావాల్సిన కోపం అతని మీద చూపించినారు. ఇది ఇట్లే సాగితే రేపు ఇంకొక కుర్రవాడు ఇంకొక గండం చూసి ఏమి చేస్తాడు? బొమ్మ వేసేసి ఇంటికి పోతాడు. సంఘాలు ఖాళీ అయ్యేది ఇట్లే. చెప్పినవాడిని తిట్టే తావులో చెప్పేవాడు మిగలడు.

కాబట్టి ఆదివారం సమావేశంలో మేము పెట్టబోయే ప్రతిపాదనలు ఇవి.

ఒకటి. కొత్త ఎస్‌ఎస్‌డీ డిస్కు వెంటనే కొనాల. మన వార్షికోత్సవ పూలమాలల ఖర్చు కన్నా జాస్తి కాదు.

రెండు. స్కాన్లన్నిటికీ రెండు నకళ్లు ఉండాల. ఒకటి కార్యాలయంలో, ఒకటి వేరే పేటలో ఒక సభ్యుడి ఇంట్లో, మేడ మీద. 2015 మరిచిపోవద్దు.

మూడు. అప్‌డేట్లు నిలపవద్దు. నెలకు ఒక రోజు పెట్టుకొని, నకలు తీసినాకనే చేయాల. చేసినాక చిట్టా చదివి, ఏమి వచ్చింది, పాతదా కొత్తదా అని నోటు పుస్తకంలో తెలుగులో రాయాల. ఏమీ రాకపోతే "నిల్" అని రాసి సంతకం పెట్టాల.

నాలుగు. ఆ చిట్టా చదవడం ఇంకా ముగ్గురికి నేర్పించాల. అందులో ఒకరు అరవై దాటినవాళ్లు అయి ఉండాల. మేము పేరు ఇచ్చేసినాము.

అయిదు. ఆ కుర్రవాడికి గ్రూపులో, అందరూ చూసే తావులో, కృతజ్ఞత చెప్పాల. తిట్టింది అక్కడే కాబట్టి.

ఆదివారం పొద్దున పది గంటలకు తప్పకుండా రండి. నాలుగో అంశం వచ్చినప్పుడు లేచి కాఫీకి పోవద్దు. చేయి ఎత్తే ముందు ఆ ఫోటోను ఇంకొకసారి తెరిచి, కింద మసకగా ఉన్న ఆ వరసలను పెద్దది చేసి చదవండి.